ఈ యుద్ధం ఎవరికి లాభం? జనరల్ ఓడమ్ అడిగిన ప్రశ్న

సరిహద్దులో కాల్పులు జరిగిన ప్రతిసారీ తెలుగు వార్తా చానళ్ల చర్చల్లో విశ్రాంత సైనికాధికారులు కనిపిస్తారు. కొందరు మాట్లాడితే విషయం బోధపడుతుంది. మరికొందరు మాట్లాడాక ఆవేశం తప్ప ఏమీ మిగలదు. ఇద్దరూ దశాబ్దాల పాటు యూనిఫాం ధరించినవారే, పతకాలు అందుకున్నవారే. అలాంటప్పుడు ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలి? ఈ ప్రశ్నకు హోదాను బట్టి జవాబు చెప్పలేం. ఆ అధికారి జీవితమంతా దేన్ని చదివాడు, ఎంత లోతుగా చదివాడు, తనకు తెలిసింది పాలకులకు రుచించనప్పుడు కూడా చెప్పాడా అన్నదే గీటురాయి. అమెరికా సైనిక నిఘా విభాగంలో ఎదిగి, జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు అధిపతిగా పనిచేసిన లెఫ్టినెంట్ జనరల్ విలియం ఓడమ్ జీవితాన్ని ఆ గీటురాయి మీద పెట్టి చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి.

ఓడమ్ 1932లో టెనెసీ రాష్ట్రంలో పుట్టారు. 1954లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి పట్టా పొందారు. అమెరికాకూ సోవియట్ యూనియన్‌కూ ప్రచ్ఛన్నయుద్ధం ముదిరిన కాలమది. ఆ తరం యువ అధికారుల్లో ఎక్కువమంది ట్యాంకులు, క్షిపణుల మీద దృష్టి పెడితే ఓడమ్ రష్యన్ భాష మీద పడ్డారు. 1962లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రష్యన్ అధ్యయనాల్లో మాస్టర్స్ పట్టా, 1970లో అక్కడే డాక్టరేట్ సాధించారు. పరిశోధనకు ఆయన ఎంచుకున్న అంశం గమనించదగ్గది. అణ్వస్త్రాల గురించో, ఎర్రసైన్యం సేనాధిపతుల గురించో కాదు, 'ఓసోవియాఖిమ్' అనే సోవియట్ సంస్థ గురించి. 1920ల చివర్లో మొదలైన ఈ సంఘం లక్షలాది సాధారణ పౌరులకు తుపాకి కాల్చడం, పారాచూట్‌తో దూకడం, విషవాయువుల నుంచి తప్పించుకోవడం నేర్పింది. పేరుకు స్వచ్ఛంద సంస్థ. నడిపేది మాత్రం కమ్యూనిస్టు పార్టీ యంత్రాంగం. పైనుంచి వచ్చిన ఆదేశం కింద పల్లెలోని మనిషి దాకా చేరేసరికి ఏమవుతుందో, లెక్కల్లో చూపించే సభ్యత్వానికీ నిజంగా పనిచేసే సభ్యులకూ ఎంత తేడా ఉంటుందో ఇలాంటి సంస్థను చదివితేనే తెలుస్తుంది. ఒక దేశపు సైన్యాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ సమాజాన్ని అర్థం చేసుకోవాలన్న పట్టుదల ఓడమ్‌కు అక్కడే కుదిరింది.

చదువుకు తగ్గ క్షేత్రానుభవం కూడా ఆయనకు దొరికింది. 1964 నుంచి 1966 దాకా తూర్పు జర్మనీలో, పోట్స్‌డామ్ కేంద్రంగా ఉన్న అమెరికన్ మిలటరీ లైజన్ మిషన్‌లో పనిచేశారు. దీని కథ విచిత్రమైనది. 1947 ఏప్రిల్‌లో కుదిరిన హ్యూబ్నర్–మాలినిన్ ఒప్పందం ప్రకారం పద్నాలుగు మంది అమెరికన్లకు సోవియట్ ఆక్రమిత జర్మనీలో తిరగడానికి అనుమతి పత్రాలు ఇచ్చారు. అంతే సంఖ్యలో సోవియట్ అధికారులకు అమెరికా అధీనంలోని జర్మనీలో అనుమతి దక్కింది. కాగితం మీద ఇది రెండు సేనాధిపతుల మధ్య సమన్వయం కోసం. ఆచరణలో బహిరంగ గూఢచర్యం. యూనిఫాం వేసుకుని, గుర్తింపు పలక ఉన్న కార్లలో అడవి దారులు పట్టి వెళ్లి, రైళ్ల మీద తరలే ట్యాంకులను లెక్కపెట్టేవారు, శిబిరాలను ఫోటోలు తీసేవారు. వెనకాల వాళ్లను తరిమే వాహనాలు ఉండేవి. ప్రమాదం లేని పని కాదు. 1985 మార్చి 24న లుడ్విగ్స్‌లుస్ట్ దగ్గర ఈ మిషన్‌కు చెందిన మేజర్ ఆర్థర్ నికల్సన్‌ను సోవియట్ కాపలా సైనికుడు కాల్చి చంపాడు. ఆ సమయానికి ఓడమ్ అమెరికా సైన్యం మొత్తానికి నిఘా అధిపతి.

1970–71లో ఆయన వియత్నాంలో ఉన్నారు. యుద్ధ భారాన్ని దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పగించి అమెరికా మెల్లగా తప్పుకుంటున్న దశ అది. అక్కడ ఆయన మనసులో పడిన సందేహం జీవితాంతం వదల్లేదు. ఆ యుద్ధం అసలు ఎవరికి ఉపయోగపడింది? చైనాను కట్టడి చేయడం కోసం వియత్నాంలో దిగామని అమెరికా చెప్పుకుంది. కానీ 1960ల్లోనే మాస్కో, బీజింగ్ బద్ధశత్రువులయ్యాయి. చైనాను అదుపులో ఉంచాలని మాస్కో కూడా కోరుకుంటోంది. అంటే సోవియట్ యూనియన్ కోరుకున్న పనిని అమెరికా తన సైనికుల ప్రాణాలు పణంగా పెట్టి చేసిపెట్టింది. ఈ విశ్లేషణను ఓడమ్ ఆ తర్వాత ఎన్నోసార్లు వివరించారు. యుద్ధంలో ఏ ఊరు ఎవరి చేతికి వచ్చింది, ఎంతమంది శత్రువులు చచ్చారు అన్న లెక్కల్లో మునిగి, అసలు ప్రశ్నను ఎవరూ అడగలేదన్నది ఆయన ఫిర్యాదు.

1972 నుంచి 1974 దాకా మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయంలో సహాయ సైనిక ప్రతినిధిగా ఉన్నారు. 1974 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వం రచయిత అలెగ్జాండర్ సోల్జెనిత్సిన్‌ను పౌరసత్వం రద్దు చేసి దేశం నుంచి వెళ్లగొట్టింది. రచయిత బయటపడ్డారు గానీ జీవితకాలపు రాతప్రతులు, కాగితాలు మాస్కోలోనే చిక్కుకున్నాయి. వాటిలో పెద్ద భాగాన్ని రహస్యంగా దేశం దాటించినవారిలో ఓడమ్ ఒకరు. రచయితల సంఘం సభ్యత్వ కార్డు, రెండో ప్రపంచయుద్ధంలో సోల్జెనిత్సిన్ పొందిన సైనిక ప్రశంసాపత్రాలు కూడా అలాగే బయటికి వచ్చాయి. దొరికిపోయి ఉంటే ఓడమ్ ఉద్యోగానికీ, రాయబార కార్యాలయానికీ పెద్ద చిక్కు వచ్చేది. క్షిపణుల వివరాల కోసం ఎవరైనా సాహసిస్తారు. ఒక రచయిత కాగితాలు కూడా అంతటి సాహసానికి తగినవేనని గ్రహించిన సైనికాధికారి మీద గౌరవం కలగకుండా ఉండదు.

మాస్కో నుంచి వచ్చాక కొంతకాలం వెస్ట్ పాయింట్‌లో పాఠాలు చెప్పారు. 1977లో జిమ్మీ కార్టర్ అధ్యక్షుడయ్యాక, కొలంబియాలో తనకు గురువైన జ్బిగ్నియెఫ్ బ్రెజిన్‌స్కీ జాతీయ భద్రతా సలహాదారు అయ్యారు. ఆయన ఓడమ్‌ను సైనిక సహాయకుడిగా వైట్‌హౌస్‌కు పిలిచారు. ఈ రోజుల్లోనే ఆ ప్రసిద్ధ ఫోన్ కాల్ ఘటన జరిగింది. తెల్లవారుజామున మూడు గంటలకు ఓడమ్ బ్రెజిన్‌స్కీని నిద్రలేపి, సోవియట్ క్షిపణులు అమెరికా వైపు బయలుదేరినట్టు హెచ్చరిక వ్యవస్థ చూపిస్తోందని చెప్పారు. మొదట రెండు వందల పైచిలుకు, రెండో కాల్‌లో 2,200. అధ్యక్షుడికి ఫోన్ చేయబోతున్న క్షణంలో మూడో కాల్ వచ్చింది. మిగతా హెచ్చరిక వ్యవస్థల్లో ఏ దాడీ కనిపించడం లేదు, ఇది పొరపాటు. అరగంటలో అందరూ పోతారని అనుకున్న బ్రెజిన్‌స్కీ అప్పటిదాకా భార్యను కూడా లేపలేదు. 1979 నవంబరులో శిక్షణ కోసం తయారుచేసిన దాడి సమాచారం పొరపాటున అసలు కంప్యూటర్లలోకి ఎక్కింది. 1980 జూన్‌లో ఒక చవక చిప్ చెడిపోయి అలాంటి హెచ్చరికే వచ్చింది. ఈ కాల్ ఆ రెండింటిలో దేనికి సంబంధించిందన్న విషయంలో చరిత్రకారులు ఏకీభవించరు. ఏదైనా ఒక సంగతి మాత్రం స్పష్టం. ఒక యంత్రం ఎంత గట్టిగా చెప్పినా, రెండో ఆధారంతో సరిచూసుకున్నందువల్లే అనర్థం తప్పింది.

1980 జూలైలో కార్టర్ సంతకం చేసిన 59వ అధ్యక్ష ఆదేశం రూపకల్పనలో ఓడమ్ పాత్ర చాలా ఉంది. అణుయుద్ధం వస్తే ఒక్కసారిగా భారీ దాడి చేయడం మీదే ఎక్కువగా ఆధారపడిన పాత ప్రణాళికకు బదులు, సోవియట్ సైనిక లక్ష్యాలనూ నాయకత్వాన్నీ ఎంచుకుని దెబ్బతీసే వీలు కల్పించాలన్నది ఆ ఆదేశం సారం. ఇది అణుయుద్ధాన్ని గెలవగలమన్న భ్రమ కల్పిస్తుందని విమర్శకులు తీవ్రంగా తప్పుబట్టారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. ఓడమ్ శాంతివాది ఎన్నడూ కాదు. సోవియట్ వ్యవస్థ పట్ల ఆయనది కరడుగట్టిన వైఖరి. ఈ సంగతి మరిచిపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఆయన తీసుకున్న వైఖరి బరువు తెలియదు.

1985 మేలో ఆయన ఎన్‌ఎస్‌ఏ పగ్గాలు చేపట్టారు. ప్రపంచమంతటా రేడియో, టెలిఫోన్, ఉపగ్రహ సంకేతాలను పట్టుకుని, రహస్య లిపులను ఛేదించే సంస్థ ఇది. మేరీలాండ్‌లోని ఫోర్ట్ మీడ్ దీని స్థావరం. ఆయన కుర్చీలో కూర్చున్న కొద్ది రోజులకే, మే 20న నౌకాదళ మాజీ ఉద్యోగి జాన్ వాకర్ అరెస్టయ్యాడు. 1960ల చివరి నుంచి అమెరికా నౌకాదళ రహస్య లిపుల తాళాలను సోవియట్లకు అమ్ముతూ వచ్చినవాడు ఇతడే. ఆగస్టులో సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ అధికారి విటాలీ యుర్చెంకో అమెరికన్ల వైపు వచ్చి ఇచ్చిన ఆనవాళ్లతో, నవంబరులో మరో పిడుగు పడింది. రోనాల్డ్ పెల్టన్ అనే ఎన్‌ఎస్‌ఏ మాజీ విశ్లేషకుడు అప్పుల్లో కూరుకుపోయి, ఓఖోట్స్క్ సముద్రం అడుగున సోవియట్ నౌకాదళ కేబుల్‌కు అమెరికా జలాంతర్గాములు తగిలించిన రికార్డింగ్ పరికరం సంగతిని 1980లో మాస్కోకు చెప్పేశాడు. అందుకు అతడికి ముట్టింది కేవలం 35,000 డాలర్లు. కోట్ల డాలర్ల ఖర్చుతో, నావికుల ప్రాణాలకు తెగించి నడిపిన కార్యక్రమం ఒక్క మనిషి అప్పుల వల్ల మట్టిగొట్టుకుపోయింది.

ఈ దెబ్బల మధ్య పనిచేసిన ఓడమ్ రహస్యాల విషయంలో మరింత కఠినంగా మారారు. పెల్టన్ కేసు వివరాలు ప్రచురించవద్దని పత్రికల మీద ఒత్తిడి తెచ్చినవారిలో ఆయన ఒకరు. 1986 ఏప్రిల్‌లో పశ్చిమ బెర్లిన్ డిస్కోలో బాంబు పేలినప్పుడు, లిబియా హస్తం ఉందని నిరూపించడానికి అధ్యక్షుడు రీగన్ స్వయంగా అమెరికా చాటుగా పట్టుకున్న లిబియా సందేశాల సారాన్ని టీవీలో దేశానికి వినిపించారు. ఇలాంటి వెల్లడింపులు, పత్రికల్లో లీకులు కలిసి విలువైన ఆధారాలను మూసేశాయని ఓడమ్ బహిరంగంగానే వాపోయారు. ఇక్కడ ఆయన వాదనను పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. ప్రజల పన్నులతో నడిచే సంస్థ గురించి ప్రజలకు ఏమీ తెలియకూడదంటే, ఆ సంస్థ తప్పు చేస్తే పట్టుకునేదెవరు?

ఆ ప్రశ్నకు ఓడమ్ తన పద్ధతిలో ఇచ్చిన జవాబు పదవి వదిలాక బయటపడింది. 2005 డిసెంబరులో, కోర్టు అనుమతి లేకుండా అమెరికా పౌరుల ఫోన్లను ఎన్‌ఎస్‌ఏ వింటోందన్న వార్త వెలువడింది. పత్రికలపై కారాలు మిరియాలు నూరే పాత అధిపతి ప్రభుత్వం పక్షాన నిలుస్తారని అనుకున్నవారికి ఆశ్చర్యం కలిగింది. ఆ ఆదేశాన్ని అమలు చేసిన అధిపతిని సైనిక న్యాయస్థానంలో నిలబెట్టాలి, ఆదేశించిన అధ్యక్షుడిని అభిశంసించాలి అన్నది ఆయన మాట. 1978 నాటి విదేశీ నిఘా చట్టం ఒక హద్దు గీసింది. సంస్థలో అడుగుపెట్టిన ప్రతి ఉద్యోగికీ సొంత పౌరుల మీద నిఘా పెట్టరాదన్న నియమాన్ని నూరిపోస్తారు. రహస్యాన్ని కాపాడమని చట్టం చెబితే కాపాడాలి, హద్దు దాటవద్దని చట్టం చెబితే ఆగాలి. రెండు సందర్భాల్లోనూ ఆయన పట్టుకున్నది చట్టాన్నే. 2013లో ఎన్‌ఎస్‌ఏ టోకుగా ఫోన్ రికార్డులు సేకరిస్తోందని బయటపడి ప్రపంచమంతా చర్చ జరిగేనాటికి ఓడమ్ లేరు.

1988లో సైన్యం నుంచి విరమించాక ఆయన హడ్సన్ ఇన్‌స్టిట్యూట్‌లో, యేల్ విశ్వవిద్యాలయంలో కొత్త జీవితం మొదలుపెట్టారు. అప్పటికే జీవితమంతా చదివిన దేశం కళ్లముందే కూలిపోతోంది. 1980ల నడిమిలో సోవియట్ సైన్యంలో 50 లక్షల మందికి పైగా ఉండేవారు. అలాంటి సైన్యం, సోవియట్ అధినేత గోర్బచేవ్‌ను దించడానికి 1991 ఆగస్టులో జరిగిన కుట్ర సమయంలో తన వ్యవస్థను కాపాడుకోవడానికి గట్టిగా ఒక్క అడుగు ఎందుకు వేయలేకపోయింది? మాజీ సోవియట్ సైనికాధికారులను స్వయంగా కలిసి, వారి జ్ఞాపకాలనూ రష్యన్ పత్రికలనూ జల్లెడ పట్టి, 1998లో ఓడమ్ దీనిపై పెద్ద గ్రంథం వెలువరించారు. సోవియట్ రక్షణ వ్యయం స్థూల ఉత్పత్తిలో 15 శాతానికి పైగా ఉండేదని అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అప్పటి అంచనా. ఆ భారాన్ని దేశం మోయలేదన్న సంగతి సోవియట్ నాయకత్వంలోనే చాలామందికి తెలుసు. గోర్బచేవ్ సంస్కరణలకు మొదట్లో సైన్యం అడ్డుపడకపోవడానికి అదొక కారణం. కొత్తగా చేరిన కుర్రాళ్లను పాతవాళ్లు చిత్రహింసలు పెట్టే అలవాటు సైన్యాన్ని లోపలి నుంచి తినేసింది. శాంతికాలంలో కొడుకులను పోగొట్టుకున్న తల్లులు 1989 నుంచి సంఘాలుగా ఏర్పడి నిలదీశారు. బాల్టిక్, కాకసస్ రిపబ్లిక్కుల యువకులు సైన్యంలో చేరడానికే నిరాకరించారు. వేల ట్యాంకులను ఉపగ్రహ చిత్రాల్లో లెక్కపెట్టవచ్చు. వాటిలో కూర్చోవాల్సిన కుర్రాడు ఆ రాజ్యం కోసం చావడానికి సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నది చిత్రంలో కనిపించదు. ఓసోవియాఖిమ్ మీద పరిశోధన చేసిన విద్యార్థికి ఆ తేడా ముందే తెలుసు.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా నిఘా వ్యవస్థను ఎలా బాగుచేయాలన్న చర్చలో ఆయన మాట ప్రముఖంగా వినిపించింది. 2003లో ఈ అంశంపై పుస్తకం రాశారు. అందులో రెండు ప్రతిపాదనలు ముఖ్యమైనవి. మొదటిది, మొత్తం నిఘా సంస్థలను సమన్వయపరిచే అధికారి, సీఐఏ అధిపతి ఒకే వ్యక్తి కాకూడదు. తన సొంత సంస్థ మీద మమకారం ఉన్నవాడు మిగతా సంస్థలకు న్యాయం చేయలేడు. 2004 డిసెంబరు చట్టం ఈ రెండు పదవులనూ విడదీసింది. రెండోది మరింత సాహసమైనది. విదేశీ గూఢచారులను పట్టుకునే పనిని అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నుంచి తప్పించి, బ్రిటన్‌లో దేశం లోపలి నిఘా చూసే ఎంఐ5 తరహాలో ప్రత్యేక సంస్థకు ఇవ్వాలి. పోలీసు నేరస్థుణ్ణి అరెస్టు చేసి, కోర్టులో శిక్ష వేయించి, కేసు మూసేయాలని చూస్తాడు. నిఘా అధికారి గూఢచారి దొరికినా వెంటనే పట్టుకోడు. వాడి వెనక ఎవరున్నారో, ఎవరితో కలుస్తున్నాడో తేలేదాకా చూస్తూ ఓపిక పడతాడు. ఈ రెండు స్వభావాలు ఒక సంస్థలో ఇమడవని ఓడమ్ వాదించారు. ఎఫ్‌బీఐ ఆ పనిని వదులుకోలేదు.

మన దేశంలోనూ ఇలాంటి చర్చే జరిగింది. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం నేతృత్వంలోని సమీక్షా కమిటీ, నిఘా సంస్థల మధ్య సమాచార మార్పిడి లోపాలను ఎత్తిచూపింది. దాని ఫలితంగానే 2002లో మూడు దళాలకూ ఉమ్మడిగా డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ ఏర్పడింది. పేరు ఏదైనా, సంస్థలు సమాచారాన్ని తమ సొత్తుగా దాచుకునే జబ్బు అన్ని దేశాల్లోనూ ఉంది.

ఓడమ్ పేరు సామాన్య పాఠకులకు తెలిసింది మాత్రం ఇరాక్ వల్ల. 2003 మార్చిలో అమెరికా ఇరాక్‌పై దాడి చేసింది. దేశమంతా ఉత్సాహంలో ఉన్న రోజుల్లో, పదవీ విరమణ చేసిన జనరళ్లలో చాలామంది టీవీ స్టూడియోల్లో బాణం గుర్తులు గీస్తూ దాడిని వివరించారు. ఓడమ్ వియత్నాం నాటి పాత ప్రశ్న దగ్గరికి వెళ్లారు. ఇది ఎవరికి లాభం? సద్దాం హుసేన్ ఇరాన్‌తో ఎనిమిదేళ్లు యుద్ధం చేసినవాడు. అతణ్ణి తొలగించి, షియా మెజారిటీ దేశంలో ఎన్నికలు పెడితే లాభపడేది మరో షియా దేశమైన ఇరాన్. అంతకుముందు ఇరాక్‌లో చోటు లేని అల్‌కాయిదాకు కొత్త రణరంగం దొరుకుతుంది. ఇద్దరూ అమెరికా శత్రువులే. 2004 వసంతంలోనే సేనలను త్వరగా వెనక్కి రప్పించాలని ఆయన అన్నారు. 2005లో ఇరాక్ దండయాత్ర అమెరికా చరిత్రలోనే అతిపెద్ద వ్యూహాత్మక విపత్తు కావచ్చని ప్రకటించారు. అదే ఏడాది రాసిన ఒక వ్యాసంలో, వెళ్లిపోతే వస్తాయని ప్రభుత్వం భయపెడుతున్న అనర్థాలను ఒక్కొక్కటిగా తీసుకున్నారు. అంతర్యుద్ధం, ఉగ్రవాదులకు ఊతం, ఇరాన్ పలుకుబడి, అమెరికా పరువు నష్టం. ఇవన్నీ దండయాత్ర వల్ల ఇప్పటికే వచ్చిపడ్డాయి కదా, ఉండిపోతే ఏవి ఆగుతాయి అన్నది ఆయన ప్రశ్న.

'ఉగ్రవాదంపై యుద్ధం' అన్న నినాదాన్నీ ఆయన అంగీకరించలేదు. ఉగ్రవాదం శత్రువు కాదు, శత్రువు వాడే ఎత్తుగడ. రాత్రిపూట జరిగే దాడుల మీద యుద్ధం ప్రకటించి గెలుస్తామనడం లాంటిదే ఇదని చెప్పేవారు. 2007 ఏప్రిల్‌లో డెమొక్రాట్ల తరఫున వారాంతపు రేడియో ప్రసంగం చేస్తూ, తాను ఏ పార్టీ మనిషినీ కాదని ముందే చెప్పి, సేనల ఉపసంహరణకు గడువు పెట్టిన బిల్లుపై సంతకం చేయమని అధ్యక్షుణ్ణి కోరారు. 2008 ఏప్రిల్ 2న సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ ముందు ఆయన ఇచ్చిన వాంగ్మూలం మరింత ఘాటైనది. అప్పటికి అదనపు సేనల రాకతో హింస తగ్గిందని వాషింగ్టన్ సంబరపడుతోంది. సున్నీ తెగల నాయకులకు డబ్బిచ్చి కొనుక్కున్న శాంతి ఇది, వీళ్ల చేతికి ఆయుధాలూ డబ్బూ అందుతున్నకొద్దీ దేశంలో ఒకే అధికారం నెలకొనే అవకాశం తగ్గుతోందని ఓడమ్ హెచ్చరించారు. ఆ తర్వాత రెండు నెలలైనా గడవకముందే, మే 30న వెర్మాంట్‌లో ఆయన మరణించారు.

ఆయన చెప్పిందంతా జరిగిందా? ఇక్కడ తూకం జాగ్రత్తగా వేయాలి. 2011 చివర్లో అమెరికా సేనలు వెళ్లిపోయాయి. 2014 జూన్‌లో ఇస్లామిక్ స్టేట్ మోసుల్ నగరాన్ని పట్టుకుంది. తొందరపడి వెళ్లడం వల్లే ఇది జరిగిందని ఓడమ్ వాదనను వ్యతిరేకించేవారు అంటారు, అందులో కొంత నిజం ఉంది. వెళ్లాక రక్తపాతం ఉండదని ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఉన్నంతకాలం దాన్ని వాయిదా వేయగలరే గానీ ఆపలేరనే చెప్పారు. అయినా మోసుల్ ప్రజలు మూడేళ్లు అనుభవించిన నరకాన్ని చూశాక, వాయిదా వేయడం కూడా చిన్న విషయం కాదనిపిస్తుంది. ఇరాన్ గురించిన మాట మాత్రం మరో దారిలో తేలింది. 2019 జనవరిలో అమెరికా సైన్యం ఇరాక్ యుద్ధంపై తానే చేయించిన బృహత్తర అధ్యయనాన్ని రెండు సంపుటాలుగా విడుదల చేసింది. ఆ అధ్యయనం పూర్తయ్యేనాటికి, యుద్ధంలో విజేతగా కనిపిస్తున్నది మరింత ధైర్యం పుంజుకుని విస్తరిస్తున్న ఇరాన్ ఒక్కటేనని అందులో సైన్యమే రాసుకుంది.